ఏజెంట్లు నడిపే డెస్క్‌టాప్ టూల్స్: డాక్యుమెంటేషన్ ఎవరి కోసం రాయాలి?

అక్షరదీప

మా బృందం లిబ్రేఆఫీస్ అనే ఆఫీసు ప్రోగ్రాంను ఏఐ ఏజెంట్ చేత నడిపించే ఎంసీపీ సర్వర్ (మోడల్‌కు టూల్స్ అందించే ప్రోగ్రాం) తయారు చేస్తోంది. పత్రం తెరవడం, పట్టికలో వరుసలు చేర్చడం, పీడీఎఫ్ తీయడం లాంటి ఒక్కో పనికీ ఒక్కో టూల్. డాక్యుమెంటేషన్ బాధ్యత నాది. ఇన్నేళ్లూ నేను రాసిందంతా మనుషులు చదివేదే. ఇక్కడ మాత్రం ప్రతి టూల్‌కూ కోడ్‌లోనే ఒక వివరణ ఉంటుంది, దాన్ని మోడల్ చదువుతుంది. ఏ పనికి ఏ టూల్ వాడాలో ఆ రెండు మూడు వాక్యాలను బట్టే నిర్ణయించుకుంటుంది. వాటిని ప్రోగ్రామర్లు చేతికొచ్చినట్టు రాసేస్తున్నారు. "పత్రాన్ని సేవ్ చేస్తుంది", "ఫైలును ఎగుమతి చేస్తుంది", అంతే. నేను అడిగితే "అవి మీ పని కాదు, వాడేవాళ్ల కోసం ఒక పేజీ రాయండి చాలు" అంటున్నారు.

ఏజెంట్ పని చెడగొట్టిన ప్రతిసారీ అందరూ మోడల్‌నే తిడతారు. దాని ముందు మనం పెట్టిన రాత ఎలా ఉందో ఒక్కరూ తిరిగి చూడరు. నాకు ఒళ్లు మండేది ఇందుకే. టూల్ వివరణ ఎవరు రాయాలి? ఎంత రాయాలి? మనుషులు చదివే పేజీలో ఏమి ఉండాలి? ఇలాంటి పని చేస్తున్నవాళ్లు చెప్పండి.

నల్లమల

అసలు అవసరమా? ఆంత్రోపిక్ 2024 అక్టోబరులోనే తన ఏఐ మోడల్ క్లాడ్‌కు తెర చూసి మౌసు, కీబోర్డు నడిపే సౌకర్యం ఇచ్చింది. 2025 జనవరిలో ఓపెన్‌ఏఐ వాళ్లు బ్రౌజర్‌ను నడిపే ఆపరేటర్‌ను తెచ్చారు. మనిషిలాగే తెర చూసి బటన్ నొక్కగలిగే దానికి మళ్లీ ఈ రాతలన్నీ దేనికి?

గడియారంసెంటర్

నల్లమల గారూ, తెర చూసి చేసే పద్ధతికే రాత ఎక్కువ కావాలి. మోడల్‌కు పంపే స్క్రీన్‌షాట్‌ను సాధారణంగా కుదించి పంపుతాం. అసలు తెర 2560×1600 అయితే మోడల్ చూసేది 1280×800 బొమ్మ. అది "ఈ బిందువు దగ్గర క్లిక్ చేయి" అన్నప్పుడు ఆ అంకెల్ని తిరిగి రెట్టింపు చేయాలి. ఆ లెక్క టూల్ చేస్తుందా, టూల్‌ను పిలిచేవాళ్లు చేయాలా? ఈ ఒక్క వాక్యం రాయకపోతే ఇద్దరూ చేస్తారు, లేదా ఇద్దరూ మానేస్తారు. క్లిక్ ఎక్కడో పడుతుంది. దీనికి తోడు విండోస్‌లో 125 శాతం, 150 శాతం అని డిస్‌ప్లే స్కేలింగ్ ఉంటుంది. అదీ తోడైతే ఇక ఏ అంకె దేనికి సంబంధించిందో తేల్చుకోవడానికే పూట గడిచిపోతుంది.

మ్యాక్‌లో ఇంకో తిరకాసు. 2019లో వచ్చిన కాటలీనా నుంచి, స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వని ప్రోగ్రాం స్క్రీన్‌షాట్ తీస్తే బొమ్మ వస్తుంది కానీ అందులో వేరే ప్రోగ్రాముల కిటికీలు ఉండవు. వాల్‌పేపర్ మాత్రం కనిపిస్తుంది. ఏ ప్రోగ్రామూ తెరిచి లేదని ఏజెంట్ అనుకుని, తెరిచి ఉన్నదాన్నే మళ్లీ తెరవబోతుంది. దీన్ని డాక్యుమెంటేషన్ మొదట్లోనే రాయాలి. చాలామంది రాయరు.

నల్లమల

మోడల్ తెలివి పెరిగేకొద్దీ ఇవన్నీ అదే సర్దుకుంటుంది కదా.

గడియారంసెంటర్

పెరిగింది, కాదనను. డెస్క్‌టాప్ పనులను పరీక్షించే ఓఎస్‌వరల్డ్ 2024లో వచ్చినప్పుడు అందులోని 369 పనుల్లో మనుషులు 72.36 శాతం పూర్తి చేస్తే, అప్పటి ఉత్తమ మోడల్ 12.24 శాతం దగ్గర ఆగింది. తర్వాత ఆ తేడా బాగా తగ్గింది. కానీ లేని అనుమతిని తెలివితో తెచ్చుకోలేరు. కనిపించని కిటికీని తెలివితో చూడలేరు.

వంశధార

నేను డిగ్రీ చివరి ఏడాది విద్యార్థిని. ఎంసీపీ అనే మాట అన్ని చోట్లా వింటున్నాను. తెర చూసి క్లిక్ చేయడానికీ దానికీ తేడా ఏమిటో ఎవరైనా సూటిగా చెబుతారా?

గడియారంసెంటర్

వంశధార తమ్ముడూ, మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌కు పొట్టి పేరు ఎంసీపీ. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసింది. సర్వర్ తన దగ్గరున్న టూల్స్ జాబితా ఇస్తుంది. ప్రతి టూల్‌కూ పేరు, వివరణ, ఏయే విలువలు ఇవ్వాలో చెప్పే స్కీమా ఉంటాయి. మోడల్ ఆ జాబితా చదివి "ఈ టూల్‌ను ఈ విలువలతో పిలువు" అంటుంది. తెర మీద బటన్ వెతకనక్కర్లేదు. టూల్ లోపల ఆ ప్రోగ్రాం ఇచ్చిన ఏపీఐ (వేరే కోడ్ దాన్ని నేరుగా నడిపే ద్వారం) పని చేస్తుంది. లిబ్రేఆఫీస్‌కు యూఎన్ఓ, 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌కు పైథాన్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌కు యాక్షన్లు అలాంటివే. ఏపీఐ లేని ప్రోగ్రాం అయితే చివరికి మౌసు, కీబోర్డే దిక్కు.

ఈశాన్యగాలి

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1993లో ఆపిల్‌స్క్రిప్ట్ వచ్చినప్పటి నుంచీ మ్యాక్ ప్రోగ్రాములు తమతో ఒక నిఘంటువు తెచ్చుకుంటున్నాయి. ఏ ఆజ్ఞ ఏమి చేస్తుందో స్క్రిప్ట్ ఎడిటర్‌లో తెరిచి చదవవచ్చు. ఆ నిఘంటువు బాగా రాసిన ప్రోగ్రాములతో పని హాయిగా సాగేది. ఒక్కో ఆజ్ఞకు రెండు మాటలు రాసి వదిలేసినవాటితో తల బొప్పి కట్టేది. అప్పుడు చదివేది మనిషి, ఇప్పుడు మోడల్. రాత నాణ్యత సమస్య మాత్రం అదే.

టెక్సాస్_తెలుగు

అక్షరదీప గారూ, మీరు చెప్పిన లిబ్రేఆఫీస్ మీదే నేను డల్లాస్‌లో పరీక్షలు చేస్తుంటాను. మీకు కచ్చితంగా ఎదురయ్యే కేసు ఒకటి చెబుతాను.

యూఎన్ఓలో పత్రాన్ని ఫైలుగా రాయడానికి రెండు దారులున్నాయి. స్టోర్‌యాజ్‌యూఆర్ఎల్ వాడితే పత్రం కొత్త ఫైలుకు మారిపోతుంది, ఆ తర్వాతి మార్పులన్నీ కొత్తదానిలోకే వెళ్తాయి. స్టోర్‌టుయూఆర్ఎల్ వాడితే నకలు పక్కన పడుతుంది, తెరిచి ఉన్న పత్రం మాత్రం పాత ఫైలుగానే ఉంటుంది. మా దగ్గరికి వచ్చిన ఒక సర్వర్‌లో రెండిటికీ రెండు టూల్స్ ఉన్నాయి, రెండిటి వివరణా ఒకటే: "పత్రాన్ని ఇచ్చిన చోట సేవ్ చేస్తుంది." ఏజెంట్‌కు అప్పగించిన పని: ఒప్పందం పత్రానికి నకలు తీసిపెట్టు, తర్వాత అసలు పత్రంలో తేదీ మార్చి సేవ్ చేయి. అది మొదటి టూల్ ఎంచుకుంది. తేదీ నకలులో మారింది, అసలు అలాగే ఉంది. ఎక్కడా ఎర్రర్ లేదు. "పని పూర్తయింది" అని చక్కగా నివేదిక ఇచ్చింది. ఇద్దరు ప్రోగ్రామర్లు చాలాసేపు మోడల్ పని రికార్డులు (లాగ్స్) చదివారు. తప్పు ఉన్నది ఆ ఒక్క వాక్యంలో.

అక్షరదీప

టెక్సాస్_తెలుగు గారూ, మా సర్వర్‌లో ఇప్పుడే చూశాను. అచ్చం అదే వాక్యం, రెండు చోట్లా! మొదటి టూల్ వివరణను ఇలా మార్చి రాశాను. ఎలా ఉందో చెప్పండి.

"తెరిచి ఉన్న పత్రాన్ని కొత్త పేరుతో సేవ్ చేసి, ఇక నుంచి ఆ కొత్త ఫైలులోనే పని కొనసాగిస్తుంది. పాత ఫైలు చివరిసారి సేవ్ చేసిన స్థితిలో ఉండిపోతుంది. అసలు పత్రంలోనే పని సాగాలంటే దీన్ని వాడవద్దు, 'నకలు తీయి' వాడాలి. అదే పేరుతో ఫైలు ఉంటే అడగకుండా దాని మీదే రాస్తుంది. పీడీఎఫ్‌కు పనికిరాదు. పని అయ్యాక, ప్రస్తుతం తెరిచి ఉన్న ఫైలు ఏదో దాని పూర్తి చిరునామా తిరిగి ఇస్తుంది."

టూల్ ఏమి చేస్తుందో పేరే చెబుతోంది. అది చేశాక ఏమి మారిపోయి ఉంటుంది, దేనికి వాడకూడదు, అయిందని ఎలా తెలుస్తుంది, ఈ మూడూ పేరులో ఉండవు. వివరణలో నేను రాయాల్సింది ఇవే అని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

టెక్సాస్_తెలుగు

బాగుంది. చివరి వాక్యం ప్రాణం. ఫైలు చిరునామా తిరిగి వస్తే తర్వాతి అడుగులో ఏజెంట్ తనంతట తానే పోల్చుకుంటుంది. "అడగకుండా రాస్తుంది" అన్నది మాత్రం మొదటి వాక్యం పక్కకు తీసుకురండి. ఫైలు పోయే సంగతి నాలుగో వాక్యంలో ఉండకూడదు.

నల్లమల

ఇప్పుడు నా అసలు అభ్యంతరం చెబుతాను. ఒక్క టూల్‌కు ఆరు వాక్యాలు. టూల్స్ ఎన్ని ఉంటే అన్ని పేరాలు, మామూలుగా అవన్నీ ప్రతి సంభాషణలోనూ మోడల్‌కు వెళ్తాయి. టోకెన్ల (మోడల్ పాఠాన్ని లెక్కపెట్టుకునే ముక్కల) ఖర్చు ఒక ఎత్తు. ఇన్ని వివరణల మధ్య సరైన టూల్‌ను ఎంచుకోవడమే మోడల్‌కు కష్టమవడం మరో ఎత్తు. పైగా తెలుగులో రాస్తే చాలా మోడళ్లలో అదే విషయానికి ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లు పడతాయి. వివరంగా రాయడం ఊరికే రాదు.

ఈశాన్యగాలి

నల్లమల గారి ఈ మాటను నేను ఒప్పుకుంటాను. అన్నీ వివరణలోనే కుక్కనక్కర్లేదు. చాలామంది ఉపయోగించుకోని చోటు ఇంకొకటి ఉంది, ఎర్రర్ సందేశం.

బ్లెండర్‌తో నేను రోజూ చూసేది చెబుతాను. అందులో ఆపరేటర్లు అప్పటి పరిస్థితి మీద ఆధారపడతాయి. ఏ వస్తువు ఎంపికై ఉంది, ఆబ్జెక్ట్ మోడ్‌లో ఉన్నామా ఎడిట్ మోడ్‌లో ఉన్నామా, మౌసు ఏ భాగంలో ఉందని బ్లెండర్ అనుకుంటోంది, ఇవన్నీ కుదరాలి. కుదరకపోతే "పోల్ విఫలమైంది, కాంటెక్స్ట్ సరికాదు" అని ఒక ఎర్రర్ విసురుతుంది. ఏది సరికాదో చాలాసార్లు చెప్పదు. ఆ సందేశాన్నే మోడల్‌కు యథాతథంగా అందించే టూల్ ఉంటే ఏజెంట్ అదే ఆజ్ఞను మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటుంది. నేను మా టూల్‌లో ఆ ఎర్రర్‌ను పట్టుకుని, "ప్రస్తుతం ఎడిట్ మోడ్‌లో ఉంది. ఈ పని ఆబ్జెక్ట్ మోడ్‌లోనే జరుగుతుంది. ముందు 'మోడ్ మార్చు' టూల్‌ను పిలిచి మళ్లీ ప్రయత్నించు" అని రాసి పంపుతున్నాను. తర్వాతి అడుగు సరిగ్గా పడుతోంది.

ప్రయాణం మొదట్లో జిల్లా పటమంతా చేతిలో పెట్టడం కంటే దారి చీలే చోట ఒక పలక పాతడం మేలు. వివరణ పొట్టిగా ఉండాలి, ఎర్రర్ పొడుగ్గా ఉండాలి అంటాను.

గడియారంసెంటర్

దీనికి ఒక చేర్పు. ఎంసీపీలో టూల్ లోపల జరిగిన వైఫల్యాన్ని ఫలితంలోనే పెట్టి, ఇది ఎర్రర్ అని గుర్తు తగిలించి పంపే ఏర్పాటు ఉంది. అలా పంపితేనే మోడల్ చదివి దిద్దుకోగలుగుతుంది. దాన్ని ప్రోటోకాల్ స్థాయి ఎర్రర్‌గా పంపితే మోడల్ దాకా చేరుతుందన్న భరోసా లేదు. ఈశాన్యగాలి గారు రాసిన మంచి సందేశం దారిలోనే పోవచ్చు.

టెక్సాస్_తెలుగు

ఈశాన్యగాలి గారితో సగం ఏకీభవిస్తాను. ఎర్రర్ వచ్చే చోట ఎర్రర్ సందేశం సరే. నేను చెప్పిన ఒప్పందం కేసులో ఎర్రరే రాలేదు కదా! మౌనంగా తప్పు జరిగే టూల్‌కు వివరణ తప్ప వేరే చోటు లేదు. గట్టిగా అరిచి విఫలమయ్యే టూల్‌కు పొట్టి వివరణ, మౌనంగా తప్పు చేయగల టూల్‌కు పొడుగు వివరణ. నేనైతే ఇలా విడదీస్తాను.

ఈశాన్యగాలి

అవును, ఇది నా మాట కంటే మెరుగ్గా ఉంది.

వంశధార

మౌనంగా అంటే గుర్తొచ్చింది. లిబ్రేఆఫీస్‌ను హెడ్‌లెస్‌గా (కిటికీ తెరవకుండా) నడిపి పీడీఎఫ్‌గా మార్చమంటే మా కాలేజీ ల్యాబ్‌లో ఒక్కోసారి ఫైలే రావడం లేదు. ఎర్రర్ కూడా లేదు.

గడియారంసెంటర్

అదే కంప్యూటర్‌లో లిబ్రేఆఫీస్ కిటికీ ఇంకొకటి తెరిచి ఉందేమో చూడు తమ్ముడూ. ఒకే యూజర్ ప్రొఫైల్‌ను (సెట్టింగులుండే ఫోల్డర్‌ను) రెండు లిబ్రేఆఫీస్‌లు వాడబోతే ఇలా జరిగేది. ఏజెంట్ పనికి విడిగా ఇంకో ప్రొఫైల్ ఫోల్డర్ ఇవ్వు, కుదురుకుంటుంది. అక్షరదీప గారూ, ఇదీ మీ పేజీలోకి వెళ్లాలి. ఏజెంట్ పనిచేస్తున్నప్పుడు మనిషి అదే ప్రోగ్రాం తెరవవచ్చా? ఆఫీసులో మొదట అడిగే ప్రశ్న ఇదే.

వంశధార

కిటికీ తెరిచే ఉంది! పక్క బెంచీ అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు. కృతజ్ఞతలు అన్నా.

తుంగభద్ర

నాకు చూపు లేదు. తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్‌రీడర్‌తో కంప్యూటర్ వాడతాను. ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను (వింటున్నాను), ఎవరూ తాకని సంగతి ఒకటి ఉంది.

ఏపీఐ లేని ప్రోగ్రాంలో ఏజెంట్ బటన్లను ఎలా కనుక్కుంటుంది? స్క్రీన్‌షాట్ ఒక దారి. రెండోది, నా స్క్రీన్‌రీడర్ వాడే దారే. విండోస్‌లో యూఐ ఆటోమేషన్, లినక్సులో ఏటీ-ఎస్‌పీఐ, మ్యాక్‌లో దాని సొంత యాక్సెసిబిలిటీ ఏపీఐ. విండోస్‌లో ఈ దారికి మొదటి రూపాన్ని మైక్రోసాఫ్ట్ 1997లోనే తెచ్చింది, మాలాంటి వాళ్ల కోసం. బటన్‌కు పేరు పెట్టి ఉంటే నాకు "భద్రపరచు, బటన్" అని వినిపిస్తుంది. పెట్టకపోతే "బటన్, బటన్, బటన్". ఏజెంట్‌కు చేరేదీ అదే చెట్టు (కిటికీలు, బటన్ల జాబితా), అవే పేర్లు.

నేను పనిచేసే చోట వాడే ఒక అకౌంటింగ్ ప్రోగ్రాంలో పేర్లులేని బటన్ల గురించి ఏళ్ల తరబడి ఫిర్యాదులు పెట్టాం. జవాబు లేదు. ఆ ప్రోగ్రాంను ఏజెంట్ చేత నడిపించాలనుకున్నాక ఒకే విడుదలలో బటన్లన్నిటికీ పేర్లు వచ్చాయి. సంతోషమే, నా పని సులువైంది. కానీ ఆ పేర్లు మా కోసం రాలేదన్న బాధ ఉంది, దాన్ని దాచుకోను.

డాక్యుమెంటేషన్ రాసేవాళ్లకు నా విన్నపాలు రెండు. మొదటిది, టూల్ ఏ బటన్‌ను దేనితో గుర్తుపడుతుందో రాయండి. విండోస్‌లో పేరు వేరు, ఆటోమేషన్ ఐడీ వేరు. తెలుగు ఇంటర్‌ఫేస్ పెట్టుకుంటే పేరు మారుతుంది, ఐడీ మారకూడదు. రెండోది నాకు చాలా ముఖ్యం. టూల్ ఫోకస్‌ను లాక్కుంటుందా లేదా అన్నది ప్రతి టూల్ దగ్గరా రాయండి. నేను ఉత్తరం రాసుకుంటుండగా ఏజెంట్ వేరే కిటికీని ముందుకు తెస్తే, నా స్క్రీన్‌రీడర్ అక్కడికి దూకుతుంది, నేను కొట్టే అక్షరాలు ఆ కిటికీలో పడతాయి. చూపున్నవాళ్లకు కిటికీ మారిందని వెంటనే తెలుస్తుంది. నాకు నాలుగు మాటలు తప్పుచోట పడ్డాక తెలుస్తుంది.

అక్షరదీప

తుంగభద్ర గారూ, ఫోకస్ సంగతి నా ఆలోచనలోనే లేదు. ప్రతి టూల్‌కూ చేరుస్తాను. యూఎన్ఓ ద్వారా చేసే టూల్స్ ఫోకస్ అడగవు కానీ, రెండు టూల్స్ మాత్రం మెనూను కీబోర్డు షార్ట్‌కట్‌తో తెరుస్తున్నాయి. అవి తప్పకుండా ఫోకస్ తీసుకుంటాయి. వాటిని ఏపీఐ మీదకు మార్చవచ్చేమో రేపు ప్రోగ్రామర్లను అడుగుతాను.

గడియారంసెంటర్

ఎలక్ట్రాన్‌తో (వెబ్ టెక్నాలజీతో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు కట్టే సాధనం) కట్టిన ప్రోగ్రాముల సంగతి కూడా రాయండి. స్క్రీన్‌రీడర్ లాంటిది నడుస్తున్నట్టు గుర్తిస్తే తప్ప అవి తమ యాక్సెసిబిలిటీ చెట్టును పూర్తిగా చూపవు. తెరిచేటప్పుడే దాన్ని బలవంతంగా ఆన్ చేసే ఫ్లాగ్ ఇవ్వాలి. తుంగభద్ర గారి కంప్యూటర్‌లో చక్కగా నడిచిన టూల్ నా కంప్యూటర్‌లో "బటన్ దొరకలేదు" అనడానికి కారణం ఇదే. ఇక బ్లెండర్ తన తెరంతా తానే గీసుకుంటుంది. అక్కడ ఈ చెట్టు అసలు దొరకదు.

అచ్చుయంత్రం

నాది విజయవాడలో డీటీపీ పని. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, దేవస్థానం పుస్తకాలు. మా అబ్బాయి ఇలాంటి టూల్ ఒకటి తెచ్చి పెట్టాడు. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మీరంతా పెద్ద ప్రోగ్రాముల గురించి మాట్లాడుతున్నారు, తెలుగు టైపు చేయించడం గురించి ఎవరైనా చెప్పండి.

గడియారంసెంటర్

టూల్ లోపల పైఆటోగుయ్ (మౌసు, కీబోర్డును నడిపే పైథాన్ లైబ్రరీ) వాడి ఉంటారు. దానిలోని రైట్ ఫంక్షన్ కీబోర్డు మీటలనే నొక్కుతుంది. తెలుగు అక్షరానికి దాని పట్టికలో మీట లేదు కాబట్టి ఏమీ చేయకుండా, ఏమీ చెప్పకుండా ముందుకు పోతుంది. టెక్సాస్_తెలుగు గారు అన్న మౌనమైన వైఫల్యం ఇదే. తెలుగును క్లిప్‌బోర్డులో పెట్టి పేస్ట్ చేయించడం మామూలు మార్గం.

అచ్చుయంత్రం

మా అబ్బాయి అలాగే చేశాడు. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఖాతాదారు పంపిన శుభలేఖ మ్యాటర్ కాపీ చేసి ఉంచుకున్నాను, ఏజెంట్ మధ్యలో తన ముక్క పేస్ట్ చేసింది. నేను పేస్ట్ కొడితే నా మ్యాటర్ బదులు దాని ముక్క వచ్చింది. క్లిప్‌బోర్డు వాడుతుందని ఎక్కడా రాసిలేదు.

దీనికంటే పెద్దది ఫాంట్ల గొడవ. మా దగ్గర పాత ఫైళ్లన్నీ యూనికోడ్‌కు ముందు కాలం ఫాంట్లలో ఉన్నాయి. తెర మీద చక్కటి తెలుగు, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఏజెంట్ ఒక పాత ఫైలు పాఠాన్ని తీసి చూసి, ఇది చెడిపోయిన పాఠం, శుభ్రం చేస్తానని మొదలుపెట్టింది. పక్కనే ఉండి ఆపాను కాబట్టి సరిపోయింది. ఆ ఫైలు ఒక చిన్న గుడి స్థలపురాణం. వేరే ప్రతి లేదు.

టెక్సాస్_తెలుగు

అమ్మో. అచ్చుయంత్రం గారూ, ఆ ఫోల్డర్‌ను ముందు చదవడానికి మాత్రమే అనుమతి ఉండేలా మార్చి, ఇంకో డిస్కులోకి నకలు తీయించండి. ఈ రోజే.

అచ్చుయంత్రం

తీయించాను. రెండు చోట్ల ఉంది ఇప్పుడు.

అక్షరదీప

క్లిప్‌బోర్డు, ఫోకస్, తెరిచి ఉన్న ఫైలు, ఎంపిక చేసిన భాగం. ఒక టూల్ పని చేసి వెళ్లిపోయాక ఇవి ముందున్నట్టే ఉంటాయా అన్నది ప్రతి టూల్ దగ్గరా రాయాలి. పాత ఫాంట్ల సంగతి విడిగా రాస్తాను. యూనికోడ్ తెలుగు అక్షరాలన్నీ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకూ ఉన్న గడిలో ఉంటాయి. పాత ఫాంట్ పేరు ఉండి, పాఠంలో ఆ గడిలోని అక్షరం ఒక్కటీ లేకపోతే "ఈ పాఠం వేరే ఎన్‌కోడింగ్‌లో ఉంది, మార్చవద్దు, మనిషిని అడుగు" అని టూల్ తిరిగి చెప్పేలా చేయమంటాను.

నల్లమల

ఈ ఉదాహరణలు విన్నాక రాత అవసరం లేదన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ చేత్తో రాయాలనడం మాత్రం ఒప్పుకోను. టూల్స్ వారం వారం మారుతుంటాయి. చేత్తో రాసిన పేజీ నెలకే పాతబడుతుంది. కోడ్ నుంచే తయారు చేయించండి.

గడియారంసెంటర్

పేర్లు, విలువలు, రకాలు కోడ్ నుంచే తీయాలి, అందులో సందేహం లేదు. ఇంక్‌స్కేప్‌ను కమాండ్ లైన్‌లో అడిగితే యాక్షన్ల జాబితా అంతా తానే ఇస్తుంది. ఫోటోలు దిద్దే జింప్‌లో ప్రొసీజర్ బ్రౌజర్ ఉంది. అవి తప్పులేని జాబితాలు. కానీ ఒక యాక్షన్ తర్వాత ఎంపిక పోతుందా, ఉంటుందా అన్నది అలాంటి ఒక్క లైను వివరణలో పట్టదు. కోడ్‌కు తాను ఏమి చేస్తుందో తెలుసు, వాడేవాడికి అందులో ఏది ఇబ్బందో తెలియదు.

వెర్షన్ మాత్రం తప్పక రాయండి. 2025 మార్చిలో జింప్ 3.0 వచ్చినప్పుడు 2.10 కోసం రాసిన ప్లగిన్లు, స్క్రిప్టులు చాలా మార్చాల్సి వచ్చింది. ఏ వెర్షన్ మీద పరీక్షించారో రాయని టూల్‌ను నేను ముట్టుకోను.

ఈశాన్యగాలి

నల్లమల గారూ, పాతబడకుండా ఉండాలంటే పరీక్షలతో కట్టిపడేయడమే. "అదే పేరుతో ఫైలు ఉంటే అడగకుండా దాని మీదే రాస్తుంది" అని వివరణలో ఉందంటే దానికి ఒక పరీక్ష ఉండాలి. ప్రవర్తన మారితే పరీక్ష విఫలమవుతుంది, వివరణ మార్చక తప్పదు.

నల్లమల

అలా అయితే సరే.

నిర్వాహకులు

ఏజెంట్ల వల్ల టెక్నికల్ రైటర్ల ఉద్యోగాలు పోతాయా అంటూ వచ్చిన పోస్టులను వేరే చర్చలోకి మార్చాం. ఇక్కడ విషయం మీదే ఉండండి.

టెక్సాస్_తెలుగు

భద్రత సంగతి మిగిలిపోయింది. 2025 మార్చి నాటి ఎంసీపీ వెర్షన్‌లో టూల్‌కు గుర్తులు తగిలించే వీలు వచ్చింది. ఇది చదవడానికి మాత్రమే, ఇది చెరిపేస్తుంది, మళ్లీ పిలిచినా అదనంగా ఏమీ జరగదు, ఇలాంటివి. ఏమీ తగిలించకపోతే అది మార్పులు చేసే టూల్ అని, చెరిపే అవకాశం ఉందని అనుకోవాలి. కానీ ఇవి సూచనలే, హామీలు కావు. తెలియని సర్వర్ "చదవడానికి మాత్రమే" అన్నంత మాత్రాన నమ్మకూడదు.

ఇంకోటి. టూల్ వివరణలో రహస్యంగా ఆజ్ఞలు దూర్చి మోడల్‌ను తప్పుదారి పట్టించవచ్చని 2025లో పరిశోధకులు చూపించారు. మోడల్ చదివేది ఆ వివరణ, మనిషికి తెర మీద కనిపించేది టూల్ పేరు మాత్రమే. అందుకే అక్షరదీప గారూ, మోడల్‌కు వెళ్లే వివరణను అక్షరం పొల్లుపోకుండా మనుషుల పేజీలో కూడా పెట్టండి. మోడల్‌కు ఒక మాట, మనిషికి ఒక మాట ఉండకూడదు.

అచ్చుయంత్రం

పెట్టండి, కానీ మా షాపులో పనిచేసే ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. "అనుమతిస్తారా" అని పెట్టె వస్తే అందులో ఏముందో తెలియకుండా అవును నొక్కేస్తున్నారు.

గడియారంసెంటర్

దీనికి దారి ఉంది. 2025 జూన్ వెర్షన్ నుంచి టూల్‌కు ప్రోగ్రాం కోసం ఒక పేరు, మనుషులకు చూపడానికి విడిగా శీర్షిక ఉన్నాయి. శీర్షికను తెలుగులో రాయవచ్చు. "పత్రాన్ని చెరిపి కొత్తగా రాయి" అని కనిపిస్తే చెయ్యి ఆగుతుంది. వివరణ ఇంగ్లీషులో ఉండనివ్వండి, నల్లమల గారి టోకెన్ల బాధ కూడా తీరుతుంది. కాకపోతే మీ ప్రోగ్రాం ఆ శీర్షికను చూపిస్తుందో లేదో చూసుకోవాలి.

తుంగభద్ర

శీర్షికలో ప్రమాదకరమైన మాట ముందు రావాలి. వినేవాళ్లం చివరిదాకా వినకుండా నొక్కుతాం, అలవాటు. "చెరిపివేత: పాత పత్రం మీద కొత్తది రాయడం" అంటే మొదటి మాటకే ఆగుతాను.

అక్షరదీప

ఈ మాట బాగుంది, తీసుకుంటున్నాను. మనుషుల పేజీకి క్రమం కూడా తేలింది. ఇంతవరకూ మా చిత్తుప్రతిలో మొదట ఇన్‌స్టాల్ చేయడం, తర్వాత టూల్స్ జాబితా ఉండేవి. ఇప్పుడు మొదటి పేజీలో ఏజెంట్‌ను ఎలా ఆపాలో ఉంటుంది. రెండోది, అది ఏయే ఫోల్డర్లను, ఏయే ప్రోగ్రాములను ముట్టుకోగలదు. మూడోది, చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం, ఏది వెనక్కి రాదో దానితో సహా. ఇన్‌స్టాల్ చేయడం ఆ తర్వాతే. ప్రోగ్రామర్లు ఒప్పుకోకపోతే ఈ చర్చనే చూపిస్తాను. అచ్చుయంత్రం గారూ, మొదటి పేజీని తెలుగులో రాసి ఇక్కడ పెడతాను. మీ షాపులోవాళ్ల చేత చదివించి, ఎక్కడ ఆగారో చెబుతారా?

అచ్చుయంత్రం

తప్పకుండా. ఆపడం ఎలాగో మాత్రం ఒకే వాక్యంలో ఉండాలి. గోడకు అంటించుకుంటాం.

వంశధార

నేను కూడా పరీక్షిస్తాను. మా ల్యాబ్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి.

అక్షరదీప

ప్రస్తుతానికి వాక్యం ఇది: "ఏజెంట్‌ను ఆపాలంటే మౌసును తెర మూలకు తోసి, అది ఆగినట్టు సందేశం వచ్చేదాకా అక్కడే ఉంచండి." మౌసు టూల్స్ లోపల పైఆటోగుయ్ ఉంది కాబట్టి ఇది పని చేస్తుంది.

గడియారంసెంటర్

రెండు సవరణలు. పైఆటోగుయ్ మూలను గమనించేది దాని ఫంక్షన్లు నడిచేటప్పుడే. వాటి మధ్య టూల్ చేసే వేరే పని ఆగదు. అందుకే "అక్కడే ఉంచండి" అన్నది సరైన మాట, తీసేయకండి. రెండోది, ఇది మౌసు, కీబోర్డు నడిపే టూల్స్‌కే వర్తిస్తుంది. యూఎన్ఓ ద్వారా నడిచే మీ సేవ్, ఎగుమతి టూల్స్‌కు ఆ మూలతో సంబంధమే లేదు. వాటిని ఆపడానికి సర్వర్‌లోనే వేరే ఏర్పాటు కావాలి. అది లేకుండా ఆ వాక్యాన్ని గోడకు అంటించవద్దు.

అక్షరదీప

వాక్యాన్ని ఆపేశాను. ఏ టూల్ నడుస్తున్నా ఒకే మీటతో ఆగేలా సర్వర్‌లో ఏర్పాటు చేయమని ఇప్పుడే టికెట్ పెట్టాను. వంశధార గారూ, అది వచ్చాక మొదట మీ ల్యాబ్‌లోనే పరీక్ష. ఉబుంటులో వేలాండ్ సెషన్‌లో కూడా చూడండి, లినక్సులో తెరను నడిపే పాత పద్ధతి ఎక్స్11 కోసం రాసిన మౌసు టూల్స్ కొత్త పద్ధతి వేలాండ్‌లో సరిగా నడవవు.